ఈరమ్మ కట్టిన ముడి

కోడిపుంజు కాలికి కట్టే దారం ఎంత బరువుంటది? అరచేతిల పెడితే ఉన్నట్టు కూడ తెల్వదు. ఆ బరువునే నేను ఇన్నేండ్లుగ మోస్తున్న. దీపం పెట్టేటప్పుడు మోస్తున్న, జొన్నలు విసిరేటప్పుడు మోస్తున్న, నా కొడుకు తలకు నూనె రాసేటప్పుడు అన్నిటికన్న ఎక్కువ మోస్తున్న. ఎవరికీ చెప్పలేదు. నా పెనిమిటికి కూడ చెప్పలేదు.

నువ్వెవరో నాకు తెల్వదు. తెల్వని మనిషివి గనుకనే నీకు చెప్పగలుగుతున్న. మా నాయన నన్ను బడికి పంపలేదు గని, ఇంట్ల అరుగు మీద ఇసుక పోసి, నా వేలు పట్టి అక్షరాలు దిద్దించిండు. పురాణం చదువుకునేటందుకు అక్కరకొస్తయి బిడ్డా అన్నడు. ఆ అక్షరాలు ఇందుకు అక్కరకొస్తయని ఆయన అనుకోని ఉండడు. నేనూ అనుకోలేదు.

ముందుగా ఒక మాట. దేవుడు నాకు తక్కువ చేయలేదు. అమరచింతకు ఒక పూట నడక దూరంల, ఎర్రమట్టి మిట్ట మీద మాకు ఇంత చేను ఉన్నది. వాన పడితే జొన్న పండుతది, పడకుంటే ఆముదాలన్న దొరుకుతయి. నెమ్మదిగల పెనిమిటి ఉన్నడు. కొడుకున్నడు. ఏ పూటా దండం పెట్టకుండ ముద్ద నోట్ల పెట్టను. చిన్నప్పటి సంది అదే అలవాటు. వాన చినుకుకు దండం, బర్రె ఈనితే దండం, బీచుపల్లి దిక్కు మబ్బు పట్టినా హనుమయ్యకు దండం. కష్టం అక్కడనే ఉన్నది. ఒక్కదానికి దండం పెట్టబోతే నా చేతులు కలవవు. కలిసినా, మధ్యన ఏదో అడ్డమున్నట్టే ఉంటది. అది నా కొడుకు.

మొదటి నుంచి చెప్త.

నేను కాపురానికొచ్చిన కొత్తల మా అత్త నాకు ఒక పెట్టను, ఒక గంపను ఇచ్చింది. మా దిక్కు కోళ్లు ఆడోళ్లవి. ఎడ్లు, చేను, బాయి మొగోళ్లవి. ఇంటికి చుట్టమొస్తే కోసేదీ, బాలింతకు గుడ్డు ఉడకబెట్టేదీ, పండుగకు బిడ్డకు రవికెగుడ్డ కొనిచ్చేదీ అన్నీ ఆ కోళ్ల మీదనే. నాకు కోళ్లు అచ్చొచ్చినయి. పొదగబెట్టేటప్పుడు గంపల బూడిద పోసి, మీద గడ్డి పరిచి, పేను పట్టకుండ యాపాకు వేసి, ఒక్కొక్క గుడ్డును చెవి దగ్గర ఊపి చూసి పెడుతుంటి. ఉరుముకు గుడ్లు చెడకుండ ఒక ఇనుప మొలను, ఒక బొగ్గు ముక్కను నడుమ పెడుతుంటి. పిల్లలు లేచినంక పాతకుండల పెండ, చొప్ప నింపి చెదపుట్ట మీద బోర్లిస్తే పొద్దటికల్ల కుండ నిండ చెదలు. వాటిని నేల మీద దులిపితే పిల్లలు ఎగబడి తినేటివి. వారం తిరిగేసరికి రెక్కలు మొలిచేటివి. గద్ద ఎన్నిటినన్న ఎత్తుకపోనీ, ముంగిస ఎన్నిటినన్న కొరకనీ, నా దొడ్డిల కోళ్లు తగ్గేవి కావు.

నాకు మాత్రం పిల్లలు కాలేదు.

ఏండ్లు గడిచినయి. మా అత్త చెడ్డది కాదు. గని ఆమె నాలుకకు ఎముక లేదు. గడ్డి కోసేకాడ నలుగురిల కూర్చుండి, మా కోడలి చేయి మంచిదే, ఏ పెట్టను పొదగబెట్టినా అన్నీ పిల్లలే లేస్తయి, ఆమె కడుపులదే మురిగిన గుడ్డు అని నవ్వుతుండె. మరదలు వరుస పిల్ల ఒకతి ఉన్నదని, దాన్ని నా పెనిమిటికి చేసుకుంటే తప్పేందని ఒకసారి నేను వినేటట్టే అన్నది. ఆ ఇంట్ల నాకంటూ ఒక నిలువ నీడ ఉన్నదంటే అది ఆ కోళ్లతోనే. ఆ కోళ్లన్నిటికీ మొదలు ఎర్రపుంజు.

పెద్దది. మెడ మీద ఈకలు రాగి చెంబు తోమినట్టు మెరుస్తుండె. తోక నల్లగ. ఆ పుంజు పోతే గుడ్లుంటయి గని పిల్లలుండవు. ఆ మాట మా ఇంట్ల నాకన్న బాగ ఎవరికి తెలుసు?

మా గోడకు ఆనుకొనే కురువోళ్ల ఈరమ్మ గుడిసె. మొగడు గొర్ల ఎంట పోయి, కొండ దిక్కున జ్వరమొచ్చి తిరిగి రాలేదు. ఉన్నది ఒక్క బిడ్డ, లచ్చి. ఈరమ్మ నన్ను అక్కా అని పిలుస్తుండె. ఆ పిలుపుల మాట తీపి లేదు, అవసరం లేదు, ఉత్త చనువే. ఆ ఏడు శివరాత్రి దాటినంక లచ్చికి అమ్మవారు పోసింది. కండ్లు మూసుకపోయినయి. ఈరమ్మ పోచమ్మకు మొక్కుకున్నది: బిడ్డ లేచి నడిస్తే శ్రావణంల పుంజునిస్త అని. బిడ్డ లేచింది. మొహం నిండ మచ్చలు, గని లేచింది. ఈరమ్మ మా ఇంటికొచ్చి పసుపు అడిగింది. నేనే ఇచ్చిన. దారానికి పసుపు పూసి, తన తెల్లపుంజు కాలికి మొక్కు కట్టింది. అప్పటికి ఆమెకు మిగిలింది ఆ ఒక్క పుంజే. మిగతావాటిని బావురుపిల్లి తిన్నది. ఆమెకు గూడు లేదు, గంప కిందనే మూసేది. అందుకని, అక్కా, ఇది అమ్మవారి సొమ్ము, నీ రాతి గూట్ల పెట్టుకో, శ్రావణం దాక కాపాడు అన్నది. సరే అన్న.

అప్పట్ల ఊర్లు తిరిగే దౌరా మీద అధికారి వచ్చి ఊరవతల డేరా వేస్తే, ఆ డేరాకు కోళ్లు, గుడ్లు, నెయ్యి ఊరే పెట్టాలె. అడిగేది లేదు, పైస ఇచ్చేది లేదు. ఆ అధికారి జవాను వస్తడు, గూడు తెరుస్తడు, చంకల పెట్టుకొని పోతడు. ఒక్క మొక్కు కోడిని మాత్రం ముట్టడు. అమ్మవారంటే వాళ్లకూ భయమే. అది తెలిసి ఆడోళ్లు కొందరు జవాను వస్తుండని వినంగనే కోడికాళ్లకు పసుపు దారాలు కట్టేటోళ్లు. జవాను కూడ తక్కువోడు కాదు. దారాన్ని బొటనవేలితో రుద్ది చూసేటోడు. వేలికి పసుపు అంటితే ఇప్పుడే కట్టిన దారమన్నట్టు. అంటకపోతే నిజం మొక్కు. పచ్చిపసుపుతో దొరికిన ఒక ముసలామెను ఆమె వాకిట్లనే అందరి ముందట ఎండల నిలబెట్టిండు.

ఆ పొద్దు ఈరమ్మ నీళ్లకు పోయింది. నేను ఊడుస్తున్న. మీది వాడల కోళ్లు అరిచినయి, ఆడోళ్ల గొంతులు వినొచ్చినయి. జవాను వచ్చిండని తెలిసింది. గూడు బండ ఇంకా తీయలేదు. లోపల ఎర్రపుంజు, తెల్లపుంజు, నా పెట్టలు.

నేను అప్పుడేమి అనుకున్ననో ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా నాకు పూర్తిగ దొరకదు. ఆలోచన అంటూ ఏమన్న ఉండెనా? లేకుంటే చేతులే ముందు పోయినయా? చేతుల మీద నెట్టుడు సులువు. చేతులు నావే గదా. నా దగ్గర పసుపు లేకనా? ఉన్నది. కొత్త దారం లేకనా? అదీ ఉన్నది. గని కొత్తది పనికిరాదని తెలుసు. పాతది కావాలె. ఎండకు, మట్టికి, పెంటకు రంగు దిగిన దారం కావాలె. అది గూట్లనే ఉన్నది, తెల్లపుంజు కాలికి. ఇంత లెక్క కట్టినదాన్ని, ఆలోచించలేదని ఎట్ల అంటా?

తెల్లపుంజు కాలి దారం ఊడదీసి ఎర్రపుంజు కాలికి కట్టిన.

జవాను వచ్చిండు. మీసాలోడు, మాటకారి. గూట్లకెళ్లి రెండు పెట్టల్ని తీసిండు. అటెన్క ఎర్రపుంజును పట్టుకొని బరువు చూసిండు. దారం కనపడింది. రుద్దిండు. వేలు చూసుకున్నడు. ఏమీ అంటలేదు. పుంజును కిందికి వదిలి, తెల్లపుంజును తీసి సంచిల వేసుకున్నడు. అప్పుడే ఈరమ్మ బిందెతో వచ్చింది.

ఆమె బిందె దించలేదు. నెత్తి మీద బిందె అట్లనే ఉన్నది. "అయ్యా, అది మొక్కుది. పోచమ్మది. నా బిడ్డ పేర్న కట్టిన."

జవాను నవ్విండు. "ఈ ఊర్ల కోళ్లు గుడ్లకెళ్లే మొక్కు కట్టుకొని బయటికొస్తున్నయి. ఏదీ, దారం చూపియ్యి."

సంచిల చేయి పెట్టి పుంజు కాళ్లు బయటికి గుంజిండు. రెండు కాళ్లు చూపిచ్చిండు. ఈరమ్మ ఆ కాళ్ల దిక్కు చూసింది. అటెన్క నా దిక్కు తిరిగింది.

"అక్కా, నువ్వే గద పసుపు ఇచ్చింది. నీ ముందటనే గద కట్టిన. జర చెప్పు."

"నాకు తెల్వదు ఈరమ్మా" అన్న. "నేను చూడలే."

ఇంతే నేనన్నది. ఇంతకన్న ఎక్కువ లేదు. అత్త తలుపు కాడ నిలబడి చూస్తున్నది, జవాను చూస్తున్నడు, ఎర్రపుంజు నా కాళ్ల దగ్గరనే మెతుకులేరుకుంటున్నది. ఈరమ్మ మళ్ల అడగలేదు. నువ్వు అబద్ధమాడుతున్నవ్ అనలేదు. నేను చూడలేదంటే చూడలేదనే నమ్మింది. జవాను పోయిండు. బిందె అప్పుడు దించింది. నీళ్లు ఒలికినయి.

అటెన్క జరిగింది చెప్పాల్నంటే సిగ్గు. ఆ పొద్దటి పూటనే ఈరమ్మ నా గూట్ల తల దూర్చి దారం కోసం ఎతికింది. పెంటల, బూడిదల, ఈకల చేతులతో దేవింది. నేనూ ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుండి ఎతికిన. ఎతికినట్టు చేసిన. దారం ఎర్రపుంజు కాలికి కట్టుకొని మా చుట్టే తిరుగుతున్నది. ఆమె కండ్లు ఆ కాలి మీద పడ్డయి.

"నీకూ మొక్కున్నదా అక్కా?" అన్నది. "పిల్లల కోసమా? నాకు చెప్పనే లేదు." మొహం కడుక్కున్నట్టు తేటపడ్డది. ఆ బాధల ఉండి, నా కోసం సంతోషపడ్డది. మాటలు బయట పెడితే మొక్కు ఫలించదని దాచుకున్నవా, మంచిపని చేసినవ్, అమ్మ తప్పక ఇస్తది అని తనే సర్ది చెప్పుకున్నది. నేను తల ఊపిన. నాకు అబద్ధం వెతుక్కునే పని కూడ లేకుండ చేసింది.

అత్త అది విన్నది. అప్పటి సంది ఎర్రపుంజు ఇంట్ల అందరికీ మొక్కు పుంజు. నేను మొక్కని మొక్కు.

దిద్దుకోవచ్చు గదా అంటవా? నేనూ అదే అనుకున్న. శ్రావణానికి ఇంకా దినాలున్నయి, ఎర్రపుంజునే ఈరమ్మకు ఇస్త, పోచమ్మకిమ్మంట, సరిపోతది అనుకున్న. ఒకనాడు అత్తతో కదిలించి చూసిన. పిల్లల కోసం మొక్కిన పుంజును ఇంకొకరికి ఇస్తావా, నీకేమన్న మతి ఉన్నదా అన్నది. నిజమే, ఏం చెప్పి ఇయ్యాలె? అబద్ధం ఒక్కటే ఆడిన, అది ఎర్రపుంజు కాలిని కట్టేసింది, దాంతోటి నా కాలినీ కట్టేసింది. ఒక పుంజుపిల్లను ఈరమ్మకు ఇచ్చిన. శ్రావణానికి ఎదుగుతది అన్న. ఎంత మంచిదానివక్కా అన్నది. ఆ మాట కన్న జవాను నన్ను ఎండల నిలబెట్టి ఉంటే బాగుండు.

ఎండలు ముదిరినంక కోళ్లకు తెగులొచ్చింది. మెడలు వాలేసి, తెల్లగ పారుకొని, ఊరంత కోళ్లు రాలినయి. పసుపు, అల్లం, ఉల్లిగడ్డ ఏమి పెట్టినా ఆగలేదు. ఈరమ్మ పుంజుపిల్ల మొదటి దినాలల్లనే పోయింది. ఎర్రపుంజును అత్త ఇంట్లకు తెచ్చి, దేవుని అర్ర పక్కన గంప కింద మూసి, చేతి మీద మేపింది. అది బతికింది. వాడల అన్ని దొడ్లు మూగబోయినంక అదొక్కటే కూస్తుండె. పొద్దున దాని కూత లేస్తే గోడ అవతల ఈరమ్మ లేచిన చప్పుడయ్యేది. నేను దుప్పటి నెత్తి మీదికి గుంజుకునేదాన్ని.

వానలు పడ్డయి, మొక్కు చెల్లకుండనే శ్రావణం దాటింది, అటెన్క లచ్చికి జ్వరం. కడుపు పారింది. దవాఖానకు బండి కట్టే లోపలనే పోయింది.

మొక్కు చెల్లియ్యకుంటే అమ్మ ఊకుంటదా అని ఊరు అనుకున్నది. మా అత్త పైకే అన్నది. ఈరమ్మ ఎవరినీ తిట్టలేదు. జవాను పేరు కూడ ఎత్తలేదు. ఒకటే మాట అన్నది, మా అరుగు మీద కూర్చుండి, తన చేతులు చూసుకుంటూ. దారం గట్టిగ కట్టకపోతిని అక్కా, ఊడిపోయింది, తప్పు నాదే అన్నది.

చెప్పి ఉంటే? ఆ ఒక్క పూటన్న? లచ్చి తిరిగొచ్చేది కాదు. గని ఆ చేతుల మీది తప్పు దిగిపోయేది. నేను ఆమె వీపు నిమిరిన. అంతే చేసిన.

మరుసటేడు నేను నెల తప్పిన.

ఏమని చెప్పేది నీకు? అందరు పోచమ్మ ఇచ్చిందన్నరు. కొడుకు పుట్టిండు. పోచయ్య అని పేరు పెట్టిన్రు. బోనం ఎత్తి, డప్పులతోటి పోయి ఎర్రపుంజును అమ్మకిచ్చినం. అప్పటికి ముదురు పుంజు. వేడినీళ్లు పోసి ఈకలు పీకింది ఈరమ్మనే. నా కొడుకును తన చాప మీద పండబెట్టుకొని, పాటపాడుకుంటూ పీకింది. కాలి దారం ఈకలతో పాటు పెంటకుప్పల పడ్డది. అత్త కందనకాయ తీసి నా కంచంల వేసింది. తిన్న. గొంతు దిగదనుకున్న. దిగింది. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే.

అమ్మవారు ఒక పుంజు కోసం పసిబిడ్డను ఎత్తుకపోతదా? నేను నమ్మను. సంచి పట్టుకొని వాకిట్లకు వచ్చి, ఏదీ దారం చూపియ్యి అనేదానికి అమ్మ జవాను కాదు గదా. అట్లయితే నేను ఆమెకు దండం పెట్టలేను. గని అది నమ్మకపోతే, నా కొడుకును ఆమె ఇచ్చిందనేది కూడ నమ్మొద్దు గదా? ఒకటి ఆమె చేసిందని మొక్కి, ఇంకొకటి ఆమె చేయలేదని తప్పుకుంటనా? ఏండ్లుగ ఈ రెండిటి నడుమనే తిరుగుతున్న. కొడుకు నవ్వితే దండం పెట్టబుద్ధయితది. చేతులెత్తంగనే, నెత్తి మీద బిందెతో నా దిక్కు తిరిగిన మనిషి కనపడుతది. జర చెప్పు అంటది.

ఇప్పుడు వెట్టి పోయింది. గూడు తెరిచేటోడు లేడు. పోచయ్య గొర్రెపిల్ల లెక్క ఎగురుతడు, అన్నం మా ఇంట్ల తింటే నిద్ర ఈరమ్మ గుడిసెల పోతడు. ఆమెను చిన్నమ్మా అంటడు. నేను నోరు విప్పితే వాడు ఆ గుడిసెకు ఎట్ల పోవాలె? ఆమె వాడిని ఎట్ల ముట్టాలె? ఇది ఆమె కోసమని, వాడి కోసమని చెప్పుకుంటుంట. కొంత నిజమే. మిగతాది ఉత్త పిరికితనం.

మొన్నటి వానలకు పోచయ్యకు జ్వరమొచ్చింది. నాలుగు పూటలు కండ్లు తెరవలేదు. నేను దేవుని ముందట కూర్చున్న గని ఏమీ అడగలేకపోయిన. ఏ మొహంతోటి అడగాలె? తగ్గింది. తగ్గిన పొద్దు ఈరమ్మ తన పొడల పుంజును చంకల పెట్టుకొని, పసుపు పూసిన దారం ఒక చేత పట్టుకొని మా వాకిట్లకు వచ్చింది. మన పిల్లోనికి తగ్గితే పుంజునిస్తనని మొక్కుకున్న అన్నది. ఆమెకున్న పుంజు అదొక్కటే. దారం నా చేతిల పెట్టింది.

"నువ్వు కట్టు అక్కా" అన్నది. "నా కట్టు నిలువదు."

ఆమె పుంజును పట్టుకున్నది. నేను కట్టిన. ముడి మీద ముడి వేసిన. నా వేళ్లు పసుపయినయి. ఆమె చూసి, గట్ల కట్టాలె అన్నది, నేర్చుకున్నట్టు.

ఆ పసుపు ఇంకా నా గోర్ల సందులనే ఉన్నది. ఈ మాటలు ఆ వేళ్లతోనే రాస్తున్న. క్షమించమని నిన్ను అడగను. క్షమించేటందుకు అది నీది కాదు. ఆమెకు చెప్తనో లేదో, ఆ ధైర్యం నాకు వస్తదో రాదో, అది కూడ నాకు తెల్వదు. ఒక్కటి మాత్రం ఈ లోకంల ఒక్క మనిషికన్న తెలిసి ఉండాలె. అందుకే నిన్ను కూర్చోబెట్టిన.

ఈరమ్మ కట్టు ఊడలేదు. ఆ పొద్దు నా వేళ్లతోటి నేను ఎంత గుంజినా రాలేదు. గోర్లతోటి రాలేదు. జవాను గొంతు దగ్గరికొస్తుంటే, పుంజును ఒడిల అదిమి, దాని కాలు నోట్ల పెట్టుకొని పండ్లతోటి ముడి విప్పిన. నాలుక మీద పసుపు చేదు, మట్టి, కోడివాసన. గట్టి ముడి. తల్లి కట్టిన ముడి. ఈరమ్మ చాన గట్టిగ కట్టింది.